ఇస్సాకు గారి డైకిరికిరి

ఇస్సాకు గారికి ఉన్నది ఒక్కటే రోగం. చరిత్ర చెప్పకుండా గ్లాసు చేతికివ్వరు.

హైటెక్ సిటీలో ఏ బార్లోనైనా డైకిరి అనే కాక్‌టెయిల్ అడిగితే డైకిరి వస్తుంది. ఆయన పనిచేసే లాంతరు బార్లో అడిగితే ముందు క్యూబా వస్తుంది. క్యూబా వెనకాల ఇనుప గనులు వస్తాయి. గనుల వెనకాల అమెరికా నుంచి దిగిన ఒక ఇంజనీరు వస్తాడు. వీళ్ళంతా వచ్చి, కూర్చుని, కుశల ప్రశ్నలు అయ్యాక అప్పుడు డైకిరి వస్తుంది. ఈలోపు మీ దాహం విసుగెత్తి ఇంటికి వెళ్ళిపోయి ఉంటుంది.

మనిషికి అరవై దాటాయి. తెనాలి వైపు ఊరు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, నల్ల వెయిస్ట్‌కోటు, కొబ్బరినూనె పెట్టి వెనక్కి దువ్విన జుట్టు. ఆదివారం లింగంపల్లి చర్చిలో క్వయర్‌లో పాడతారు. చిక్కంతా ఆ గొంతుతోనే. ఎదుటివాడికి చెవిలో చెబుతున్నాననుకుని ఆయన మెల్లగా మొదలుపెడితే మూడు టేబుళ్ళ అవతల ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నవాడు కూడా క్యూబా పౌరుడైపోతాడు.

ఇంకో వింత ఏమిటంటే ముప్పై ఏళ్ళుగా జనానికి మందు కలుపుతున్న ఈ పెద్దమనిషి ఇంతవరకూ ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదు. మరి రుచి ఎలా తెలుస్తుందని అడిగితే చెవి చూపిస్తారు. మందు కలిపే షేకరు టిన్నులో ఐసు మొదట గులకరాళ్ళలా మోగాలట. తరువాత గాజుల్లా మోగాలట. ఆ గాజులు పల్చబడిన క్షణాన ఆపాలట. టిన్ను పైన తెల్లగా మంచు పట్టి వేళ్ళు అతుక్కున్నాయా, డైకిరి కుదిరినట్టే. ఆయన చెవి ఎప్పుడూ తప్పలేదు. నోరే ఆగదు.

డైకిరి అన్న పేరు వెయిటర్ శ్రీనుకి మొదటి రోజే నచ్చింది. అతనిది సిద్దిపేట దగ్గర. వాళ్ళ వైపు ఊరికే ప్రాణం తీసే తగాదాని కిరికిరి అంటారు. కొత్తగా వచ్చిన కస్టమరు ఎవరైనా మెనూ మీద వేలు పెట్టి డైకిరి అనగానే శ్రీను వంగి, మర్యాదగా హెచ్చరించేవాడు.

"సార్, అది డైకిరి కాదు, కిరికిరి. టైముంటెనే చెప్పుండ్రి."

టైముందని చెప్పినవాళ్ళంతా ఆ తరువాత శ్రీను వైపు చూసిన చూపులు వేరు.

మోహీటో అడిగినవాళ్ళ గతి ఇంకా అన్యాయం. ఇస్సాకు గారు కలిపి ఇస్తారు గాని, ఆ ఇవ్వడంలో ఒక శోకం ఉంటుంది. పుదీనా పచ్చడిలో సోడా పోసుకుంటానంటే మీ ఇష్టమండి అన్నట్టు చూస్తారు. ఒకసారి ఒకమ్మాయి స్ట్రాబెర్రీ వేసి మిక్సీ పట్టిన డైకిరి కావాలంది. ఆయన షేకరు పక్కన పెట్టి, ఐస్ గోలా బండి కింద గేటు దగ్గరుంటుందమ్మా అని దారి చెప్పారు.

ఆయన లెక్కలో డైకిరికి సామాన్లు మూడే. తెల్ల రమ్ము, నిమ్మకాయ, పంచదార. నాలుగోది వేసినవాడు వంటవాడు గాని బార్‌మన్ కాదు. ఆ మూడింటిలో కూడా గొప్పది నిమ్మకాయ. నిమ్మకాయల్లో గొప్పది తెనాలిది. ఈ విషయంలో క్యూబాకి కూడా ఆయన మినహాయింపు ఇవ్వలేదు. ఇక మూడో సామాను దగ్గర శ్రీనుతో రోజూ పేచీ. ఈయన పంచదార తెమ్మంటే, అతను చక్కెరనా సార్ అని డబ్బా పట్టుకునే అడుగుతాడు. ఇద్దరూ ఒకే డబ్బాని రెండు పేర్లతో ఆరేళ్ళుగా లాక్కుంటున్నారు.

లాంతరు బారుకి మేనేజరు రవికిరణ్. బాచుపల్లి కుర్రాడు. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో కాలేజీకి దండం పెట్టి, ఆరేళ్ళ కిందట ఈ బారు తెరిచినప్పుడే ఇందులో గ్లాసులు కడగడానికి చేరాడు. నిమ్మకాయ పట్టుకోవడం నేర్పింది ఇస్సాకు గారే. కాయని పిండాలి గాని దాని గొంతు పిసక్కూడదని, తొక్కలో నూనె దిగితే చేదని, చేదు దిగిన గ్లాసు ఇచ్చేకంటే కస్టమరుకి క్షమాపణ ఇవ్వడం నయమని చెప్పారు. రవికిరణ్‌కి కాలేజీలో నాలుగు సబ్జెక్టులు మిగిలిపోయాయి గాని ఈ సబ్జెక్టు మొదటిసారికే పాసయ్యాడు.

ఎదురుగా అద్దాల బిల్డింగుల్లో పనిచేసే వాళ్ళంటే అతనికి లోపల్లోపల చిన్న మంట ఉంది. వాళ్ళు చేసేదేదో తనూ చేయగలనని నమ్మకం. అందుకే బార్లో ప్రతిదానికీ ఎక్సెల్ షీటు పెట్టాడు. ఐసు ఎంత కరిగిందో కూడా షీటే చెప్పాలి. మనిషి చెబితే నమ్మడు.

అలాంటివాడి నెత్తిన ఆ షీటే పడింది.

బారు యజమాని ప్రేమ్ కుమార్ గారికి కొండాపూర్, తెల్లాపూర్, ఇక్కడ కలిపి మూడు బార్లున్నాయి. ఆయన ఎక్కడో సెమినారుకి వెళ్ళొచ్చి ఒక కాగితం పంపారు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఆర్డరిచ్చిన నాలుగు నిమిషాల్లో గ్లాసు టేబుల్ మీద ఉండాలి. అలా ఇవ్వలేనివాళ్ళు కౌంటరు ఖాళీ చేయాలి. రెండు వారాల పాటు ప్రతి బార్‌మన్ టైమూ కొలిచి, మేనేజరు సంతకం పెట్టి పంపాలి.

కాగితంలో ఇస్సాకు గారి పేరు లేదు. ఉండాల్సిన పనీ లేదు. నాలుగు నిమిషాల్లో ఆయన ఇంజనీరు ఇంకా ఓడ కూడా దిగడు.

రవికిరణ్ ఆ కాగితం ఆయనకి చూపించాడు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, బాగా టైపు చేశారని మెచ్చుకుని, మడిచి వెనక్కి ఇచ్చేశారు.

"అంకుల్, మీకు అర్థమైందా అసలు?"

"అయింది బాబూ. నాలుగు నిమిషాలు."

"మరి కథ బంద్ చేస్తరా?"

"అది కథ కాదు బాబూ, చరిత్ర," అని ఆయన నిమ్మకాయలు తుడుచుకోవడంలో పడిపోయారు.

ఇక రవికిరణ్ ఫోన్లో స్టాప్‌వాచీ పెట్టి కొలవడం మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి సగటు పద్నాలుగు నిమిషాలు తేలింది. ఈ అంకె కింద సంతకం పెట్టడమంటే, నిమ్మకాయ పట్టుకోవడం నేర్పిన చెయ్యిని తన చేత్తోనే గేటు బయట పెట్టడం. అతనికి రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు ఊరికే కూర్చోలేక షీటుని అటూ ఇటూ తిప్పుతుంటే ఒక సంగతి కంట్లో పడింది. సగటు పద్నాలుగే గాని, ఒక్క గ్లాసుకీ పద్నాలుగు పట్టలేదు. కొన్ని మూడు నిమిషాల్లో అయిపోయాయి. కొన్నిటికి ఇరవై, ఇరవై ఐదు పట్టింది. ఒకదానికి ఇరవై ఏడు. మధ్యలో ఏమీ లేవు.

మూడు నిమిషాల్లో ఇవ్వగలిగిన మనిషి ఇరవై ఏడు ఎందుకు తీసుకున్నట్టు?

సోమవారమా, శనివారమా అని చూశాడు. కుదరలేదు. ఆడా మగా అని చూశాడు. కుదరలేదు. వాన పడిన రోజు, పడని రోజు అని కూడా చూశాడు. చివరికి మిగిలింది ఒక్కటే దారి. కూర్చుని కథ వినాలి. ఆరేళ్ళలో ఆ పని ఎవరూ చేయలేదు. 'క్యూబా' అన్న మాట వినబడగానే స్టాఫంతా ఎవరి పని మీద వాళ్ళు మాయమవుతారు. శ్రీను అయితే లేని పని కూడా కల్పించుకుంటాడు.

సాయంత్రం నాలుగున్నరకి రవికిరణ్ కౌంటరు చివర స్టూలు మీద కూర్చుని, సీసాలు లెక్కబెడుతున్నట్టు నటిస్తూ చెవి అటు పెట్టాడు.

ముందు ముగ్గురు అమ్మాయిలు వచ్చారు. క్యాబ్‌లో వచ్చారు, క్యాబ్‌లోనే పోతారు, ఆ సంగతి వాళ్ళ మాటల్లోనే తెలిసిపోయింది. ఇస్సాకు గారు క్యూబా ఎత్తుకున్నారు. వందేళ్ళు దాటిన మాట. శాంటియాగో పక్కన డైకిరి అని చిన్న ఊరు, అక్కడ ఇనుప గనులు. గని ఇంజనీరు ఇంటికి చుట్టాలొచ్చారు. చూస్తే జిన్ను సీసా ఖాళీ. చుట్టాల ముందు పరువు పోయే సమయం. ఆయన వంటింట్లోకి వెళ్ళి, ఊళ్ళో దొరికే రమ్ములో నిమ్మకాయ పిండి, పంచదార వేసి, ఐసుతో కలిపి తెచ్చాడు. చుట్టాలు పేరేమిటన్నారు. ఏ పేరూ తట్టక ఊరి పేరు చెప్పేశాడు. ఇలా అని చెబుతారమ్మా, అంతకుముందే ఓడల మీద నావికులు కలుపుకునేవారని అనేవాళ్ళూ ఉన్నారు. ఇదిగోండి మీ గ్లాసులు.

స్టాప్‌వాచీ చూస్తే మూడు నిమిషాల పది సెకన్లు. నాలుగులోపే. రవికిరణ్‌కి కళ్ళు చెదిరాయి.

తరువాత ఫిలిప్ అనే కుర్రాడు వచ్చాడు. ఏదో కంపెనీలో టెస్టరు. ఆ పూట వాళ్ళ టీంలీడు అందరి ముందూ పరువు తీశాడని వస్తూనే చెప్పేశాడు. హెల్మెట్ తీసి కౌంటరు మీద పెట్టి, డైకిరి అన్నాడు. ఒకటి కాదు, వరసగా ఎన్ని వస్తే అన్ని అన్నాడు.

ఇస్సాకు గారు హెల్మెట్ వంక చూశారు. చేతిలోని షేకరు కింద పెట్టేశారు.

మళ్ళీ అదే క్యూబా, అదే గని, అదే ఇంజనీరు. కానీ ఈసారి ఇంజనీరు దగ్గర ఒక కంచరగాడిద ఉంది. గని నుంచి ఇంటికి కొండదారి. ఆయన దాని మీదే వెళ్ళేవాడు. దాని పేరు, దాని వయసు, దానికి ఏ కాలు కుంటి, అరటిపండు తొక్క తీస్తేనే తింటుందన్న పట్టుదల, అన్నీ వరసగా వచ్చాయి. మధ్యమధ్య ఇస్సాకు గారు నీళ్ళ గ్లాసు ముందుకు జరిపి, క్యూబాలో ఈ ఘట్టం దగ్గర నీళ్ళు తాగడం ఆచారమండి అనేవారు. ఫిలిప్ తాగేవాడు. మరికాస్త కథ నడిచాక, ఇక్కడ పల్లీలు తింటారండి అనేవారు. ఫిలిప్ తినేవాడు. ఇలాంటి ఆచారం ఏ దేశంలోనూ లేదని రవికిరణ్ అక్కడే ఫోన్లో వెతికి రూఢి చేసుకున్నాడు.

పదహారో నిమిషంలో ఇంజనీరు స్నేహితుల ఇంట్లో నాలుగు గ్లాసులు తాగి, తూలుతూ గాడిద ఎక్కాడు. చీకటి. పక్కన లోయ.

"అయ్యో. పడ్డాడా?" అన్నాడు ఫిలిప్.

"లేదండి. పట్టుకుని కూర్చున్నాడంతే. గాడిదకి ఇల్లు తెలుసు కదా, అదే నడిచింది." ఇస్సాకు గారు నిమ్మకాయ సగానికి కోసి, తీరిగ్గా తలెత్తారు. "మీ బండికి మీ ఇల్లు తెలుసాండి?"

ఫిలిప్ నోట్లో పల్లీ అలాగే ఉండిపోయింది. హెల్మెట్ వంక చూశాడు, ఇస్సాకు గారి వంక చూశాడు, తరువాత గట్టిగా నవ్వేశాడు. బండిది తెల్లాపూరే గాని దానికంత తెలివి లేదన్నాడు. ఫోన్ తీసి, తిరిగి వెళ్ళడానికి క్యాబ్ చెప్పుకున్నాడు. ఇస్సాకు గారు హెల్మెట్ తీసుకుని చీటీ మీద పేరు రాసి అంటించి, వెనక అరలో పెట్టారు. ఆ తరువాత షేకరు ఎత్తారు. గులకరాళ్ళు మోగాయి. గాజులు మోగాయి. ఇరవై రెండు నిమిషాలకి ఒక గ్లాసు వచ్చింది. కడుపు నిండా నీళ్ళూ పల్లీలూ ఉన్న ఫిలిప్‌కి ఆ ఒక్కటి తాగేసరికి క్యాబ్ వచ్చింది.

ఆ అరలో హెల్మెట్లు ఎప్పుడూ ఉంటాయి. కస్టమర్లకి మతిమరుపు అని, ఈ సాఫ్ట్‌వేర్ వాళ్ళకి తల ఉంటే హెల్మెట్ గుర్తుండదని రవికిరణ్ ఆరేళ్ళుగా తిట్టుకుంటున్నాడు. షీటులో 'పోయిన వస్తువులు' అని ఒక గడి కూడా పెట్టాడు.

మిగతా రోజులు కూడా కూర్చుని విన్నాడు. కౌంటరు మీద ఏమీ లేకపోతే గాడిద రాదు. హెల్మెట్ ఉంటే గాడిద వస్తుంది. కారు తాళం ఉంటే గాడిద వెనక బండి, ఆ బండిలో ఇంజనీరు అత్తగారు కూడా వస్తారు. అత్తగారు దారి పొడవునా అల్లుడి నడవడి గురించి మాట్లాడతారు, కాబట్టి కారు వాళ్ళకి ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ. రవికిరణ్ షీటులో 'తాళం' అని కొత్త గడి తెరిచి నింపాడు. ఒక్కటి తప్పలేదు.

మర్నాడు బారు తెరవకముందే ఆయన్ని పట్టుకున్నాడు.

"అంకుల్, గాడిద సంగతి ఏంది?"

"ఏ గాడిద?"

"కొందరికి వస్తది, కొందరికి రాదు."

"గాడిద కదా బాబూ. దానికి బుద్ధి పుడితే వస్తుంది."

రవికిరణ్ షీటు తెరిచి ముందు పెట్టాడు. ఇస్సాకు గారు చాలాసేపు ఆ గడులు చూశారు. దొంగతనం బయటపడినవాడిలా చెవులు ఎర్రబడ్డాయి. తరువాత మెల్లగా ఇంటి సంగతి చెప్పారు. వాళ్ళావిడ గ్రేస్ ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో నర్సు. ఈయన బార్లో చేరినప్పుడు ఆవిడ ఒకే ఒక షరతు పెట్టింది. ఈయన చేతి గ్లాసు తాగినవాడు ఎవడూ తన వార్డుకి రాకూడదు. వస్తే ఆ రోజు నుంచి ఇంట్లో వంట ఈయనదే.

"ఇంతవరకూ ఒక్కరు కూడా రాలేదు బాబూ. నాకు వంట రాదు."

రవికిరణ్‌కి నవ్వు వచ్చింది. ఈ సంగతి యజమానికి చెప్పేస్తే సరిపోతుంది కదా అన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. తాగడానికి వచ్చినవాడికి బుద్ధి చెబుతున్నామని తెలిస్తే లేచి పక్క బారుకి పోతాడని, అక్కడ గాడిద ఉండదని, కథ అనుకున్నంతసేపే కూర్చుంటాడని అన్నారు. పైగా నాలుగు తాగేవాడితో ఒకటే తాగిస్తున్నానని తెలిస్తే ఏ యజమాని మాత్రం ఊరుకుంటాడు? చెప్పనని మాట తీసుకున్నారు.

మాటయితే ఇచ్చాడు గాని, గురువారం సాయంత్రం ఐదింటికి ప్రేమ్ కుమార్ గారే స్వయంగా వస్తున్నారని ఫోన్ వచ్చింది. ఇస్సాకు గారి సంగతి విన్నారట, కళ్ళారా చూసి అక్కడికక్కడే తేల్చేస్తారట. షీటు సంతకంతో సిద్ధంగా ఉంచమన్నారు.

రవికిరణ్ మిగిలిన మూడు రోజులూ ఇస్సాకు గారి వెంట పడ్డాడు. సార్ కోసం ఒక్కసారి మూడు నిమిషాల చరిత్ర చెప్పమన్నాడు. గాడిద వద్దు, అత్తగారు అసలే వద్దు. ఆయన చర్చిలో ప్రమాణం చేసినంత గంభీరంగా చెయ్యి ఎత్తి ఒప్పుకున్నారు.

గురువారం ఐదింటికి ప్రేమ్ కుమార్ గారు వచ్చి కౌంటరు ముందు ఎత్తు స్టూలు మీద కూర్చున్నారు. డైకిరి అడిగారు. అడుగుతూ జేబులో గుచ్చుకుంటున్న కారు తాళం తీసి కౌంటరు మీద పెట్టారు.

ఇస్సాకు గారి కళ్ళు తాళం మీద పడ్డాయి. వెనక నుంచి రవికిరణ్ వద్దు వద్దని రెండు చేతులూ ఊపాడు. ఆయన ఒక నిమిషం ఇబ్బందిగా కదిలారు. ఉద్యోగం ఒక పక్క, గ్రేసమ్మ ఒక పక్క. షేకరు ఎత్తబోయి, మళ్ళీ కింద పెట్టారు.

"సార్, డైకిరి అనేది క్యూబాలో ఒక చిన్న ఊరండి. అక్కడ ఒక ఇంజనీరు, ఆయనకి ఒక కంచరగాడిద..."

రవికిరణ్ స్టూలు మీద కూలబడ్డాడు. శ్రీను దగ్గరికొచ్చి, ఇగ అంకుల్‌కు కొత్త కొలువు చూడాలె అన్నాడు.

గాడిద వచ్చింది. బండి వచ్చింది. అత్తగారు బండెక్కారు. పదో నిమిషంలో ప్రేమ్ కుమార్ గారు క్యూబా ఆచారం ప్రకారం నీళ్ళు తాగారు. పద్నాలుగో నిమిషంలో పల్లీలు తిన్నారు. మధ్యలో గడియారం చూసుకున్నారు, రవికిరణ్ వైపు ఒక చూపు చూశారు, ఆ చూపులో సంతకం ఉంది. కానీ లేవలేదు. పంతొమ్మిదో నిమిషంలో ఇంజనీరు తూలుతూ పగ్గం పట్టుకున్నాడు. వాన మొదలైంది. బండి చక్రం లోయ అంచుకి వచ్చింది. అత్తగారు కేక పెట్టారు.

అప్పుడు లోపలికి యూనిఫాం వేసుకున్న మనిషి వచ్చాడు, పేరు ఓదెలు. కింద చాయ్ తాగి వచ్చిన వాసన వస్తోంది.

"సార్, తాళం ఇస్తరా. బండి అడ్డం ఉన్నదంట, తియ్యమంటున్నరు."

ప్రేమ్ కుమార్ గారు తాళం తీసి అతనికిచ్చారు. ఓదెలు ఆయన డ్రైవరు. చాయ్‌కి పోయేటప్పుడు తాళం సార్ చేతికిచ్చి పోవడం అలవాటు.

ఇస్సాకు గారు ఓదెలు యూనిఫాం చూశారు. అతని చేతిలోకి పోయిన తాళం చూశారు. మొహం తేలికపడింది.

"అందరూ క్షేమంగా ఇల్లు చేరారండి," అన్నారు. చకచకా రమ్ము పోసి, నిమ్మకాయ పిండి, పంచదార, ఐసు వేసి, గాజులు మోగించి, వడకట్టి ముందు పెట్టారు. "మీ డైకిరి సార్."

అరవై సెకన్లు కూడా పట్టలేదు. ప్రేమ్ కుమార్ గారు గ్లాసు ముట్టుకోలేదు.

"ఇదేందయ్యా. చక్రం లోయలోకి జారుతోంది కదా ఇప్పుడే. ఎలా చేరారు?"

"చేరారండి."

"ఎలా?"

ఇస్సాకు గారు రవికిరణ్ వైపు చూశారు. రవికిరణ్ లేచి వచ్చి షీటు సార్ ముందు పెట్టాడు. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది.

"సార్, దీని మీద నేను సంతకం పెట్టను. ఆఖరు గడి చూడుండ్రి."

ఇచ్చిన మాట తప్పుతున్నందుకు ఇస్సాకు గారి వైపు చూడకుండా, తాళం ఉంటే గాడిద ఎందుకు వస్తుందో, వెనక అరలో హెల్మెట్లు ఎవరివో, క్యూబా ఆచారాలు ఎవరు కనిపెట్టారో గబగబా చెప్పేశాడు. గ్రేసమ్మ షరతు కూడా చెప్పాడు. ప్రేమ్ కుమార్ గారు షీటు చూశారు. లేచి వెళ్ళి అర దగ్గర నిలబడ్డారు. తొమ్మిది హెల్మెట్లు, తొమ్మిది చీటీలు, గుండ్రటి చేతిరాతలో తొమ్మిది పేర్లు. ఒక్కొక్కటీ చదివారు. శ్రీను ట్రే గుండెకి హత్తుకుని నిలబడిపోయాడు.

ఆయన తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుని, షీటు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నాలుగు నిమిషాల రూలు ఈ కౌంటరుకి లేదు రవీ. మిగతా రెండు బార్లలో కూడా అర కొట్టించు, పెద్దదిగా." తరువాత ఇస్సాకు గారి వైపు తిరిగారు. "అదంతా సరే. చక్రం?"

అంతలో ఓదెలు బండి పక్కకి తీసి, తాళంతో తిరిగొచ్చాడు.

ఇస్సాకు గారు తల గీరుకున్నారు. "నిజం చెప్పమంటారా సార్? నాకూ తెలియదండి. ఇన్నేళ్ళలో ఎవరూ అక్కడిదాకా ఉండలేదు. మీ బండికి ఇల్లు తెలుసా అనగానే నవ్వేసి క్యాబ్ చెప్పుకుంటారు. ఆ పైన నేనెప్పుడూ ఆలోచించలేదు."

"ఏం బండి సార్?" అన్నాడు ఓదెలు.

సంగతి శ్రీను చెప్పాడు. గాడిద, వాన, లోయ, అత్తగారు. ఓదెలు అంతా విని, తెలియనివాళ్ళ మధ్య తెలిసినవాడిలా నిట్టూర్చాడు. వాళ్ళ తాతకి రెండు గాడిదలుండేవట. చిన్నప్పుడు వాటితోనే తిరిగాడట.

"వానకు, లోయకు గాడిద ఫికర్ చెయ్యది సార్. పక్కకు గుంజుకొని బరాబర్ దిగుతది. కని ఒకటున్నది. ఇల్లు మారినంక గూడ అది పాత కిరాయి ఇంటికే పోతది. పోయి వాకిట్ల నిలవడితే ఎవ్వలు గుంజినా కదలది."

ఇస్సాకు గారు రెండు మోచేతులూ కౌంటరు మీద ఆనించి ముందుకు వంగారు.

"అయితే ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ళున్నారా?"

"ఉండరా మరి. కొత్తోళ్ళు దిగిన్రు."

"అత్తగారో?"

"ఆమె బండ్లనే ఉన్నది గద. దిగింది. లోపలికి పోయి, గీ అర్ర మా అల్లునిది, మీరెవలు అని అడిగింది."

ప్రేమ్ కుమార్ గారు ఓదెలుకి పక్క స్టూలు లాగి పెట్టారు. శ్రీను పల్లీల గిన్నె అతని ముందుకు జరిపాడు. నాలుగో టేబుల్ నుంచి ఎవరో రెండు డైకిరిలు అని కేకేశారు. మూడు నిమిషాల వాళ్ళే, క్యాబ్ వాళ్ళు. ఇస్సాకు గారు అటు తిరగనైనా తిరగకుండా వెనక్కి చెయ్యి ఊపారు.

"జర ఆగమను శ్రీనూ," అన్నారు, తెనాలి మనిషి అయ్యుండి. "కొత్తోళ్ళు ఏమన్నారు ఓదెలూ?"